కింద ఇంకేదో ఉంది

దెయ్యం పట్టిందని ఎవరైనా నా దగ్గరికి వస్తే, ముందు కడుపు నిండా తిండి పెట్టండి అని చెప్పి పంపేసేవాణ్ణి. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళకు పైగా ఈ బెంగాలీ వాళ్ళ ఊళ్ళో, రేవు పక్కన వాట్‌గంజ్‌లోనే ఉన్నాను. రేవులో మనుషులు చావడం కళ్ళారా చూశాను. చచ్చినవాడు ఒక్కడూ తిరిగొచ్చి నన్ను బీడీ అడగలేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ రెండేళ్ళ కింద నా మనవరాలి మంచం దగ్గర చూసింది కడుపులో దాచుకోలేకపోతున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను.

రాస్తాను అంటున్నాను గానీ నాకు అక్షరాలు అరవయ్యో ఏట వచ్చాయి. మా తెలుగు చర్చి వెనక గదిలో ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పేవాళ్ళు. నా కూతురు ఎస్తేరు తన ఆరేళ్ళ పిల్ల రూతుని అక్కడ దింపి రమ్మనేది. పక్కన ఊరికే కూర్చోలేక నేనూ పలక పట్టాను. నా 'ఖ' చూసి రూతు, "ఇదేటి తాతా, పీతలాగుంది" అని నవ్వేది. ఈ కాగితం మీద ఉన్న అక్షరాలన్నీ ఆ గుంట దిద్దించినవే.

రూతుకి ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చింది జబ్బు. అప్పటికి సాల్ట్ లేక్‌లో ఆఫీసు ఉద్యోగం. ముందు నిద్ర పోయింది. తర్వాత, ఆఫీసులో అందరూ తన ఆలోచనలు ఫోన్లో వింటున్నారంది. ఒకరోజు అన్నం పళ్ళెం ముందు కూర్చుని గంటసేపు నవ్వింది. పది రోజులు తిరిగేసరికి తల్లిని చూసి "నువ్వెవరు" అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత నోరు పెగల్లేదు.

సందులో వాళ్ళు ఓఝాని పిలవమన్నారు. ఓఝా అంటే ఇక్కడ భూతవైద్యుడు. వాడు గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని చెప్పాను. ఎస్తేరు పాస్టరు గారిని పిలిచింది. ఆయన మంచి మనిషి, ప్రార్థన చేసి, ఆసుపత్రికి తీసుకుపొండి అన్నాడు. తీసుకుపోయాం. పిచ్చి వార్డులో చేర్చుకున్నారు. మందులిచ్చారు. పిల్ల ఇంకా కొయ్యబారింది.

అక్కడ కనిపించింది డాక్టర్ సుదేష్ణ. బెంగాలీ ఆవిడ, నలభై ఉంటాయేమో, ఎప్పుడు చూసినా భుజాన బరువైన సంచి. వార్డు డాక్టరు కాదు, పరిశోధన చేసే మనిషి. మనసు జబ్బు, రక్తం, కంప్యూటరు, మూడూ కలిపిన పని ఆవిడది. నాతో బెంగాలీలో మాట్లాడేది, నన్ను దాదు అనేది. దాదు అంటే తాత.

నాకర్థమయ్యేలా ఇలా చెప్పింది. ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యం ఒకటి ఉంటుందట. కొందరికి ఆ సైన్యం పొరపాటుబడి సొంత మెదడు మీదికే పోతుందట. అలాంటివాళ్ళు చూడ్డానికి పిచ్చివాళ్ళలాగే ఉంటారు, పిచ్చి వార్డుల్లోనే పడి ఉంటారు. వాళ్ళని వెతికి బయటికి తియ్యడం ఆవిడ పని. రోగుల రక్తం, వెన్ను నీరు పరీక్షలు, నర్సులు రాసిన రాతలు, చేతులు కాళ్ళు కదిలే తీరు తీసిన వీడియోలు, అన్నీ కంప్యూటర్లో వేసి ఎవరిది ఎవరితో కలుస్తుందో చూస్తుంది.

రూతు వెన్ను నీరు తీశారు. సుదేష్ణ కాగితం పట్టుకొచ్చి, "దాదు, మీ పిల్లకి పిచ్చి కాదు" అంది. ఎస్తేరు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగాను.

సైన్యాన్ని అణిచే మందులు మొదలెట్టారు. రెండు వారాలైనా గుణం లేదు. మూర్ఛలొచ్చాయి. ఊపిరి మందగించింది. వయసు ఆడపిల్లల్లో ఒక్కోసారి పొత్తికడుపులో చిన్న గడ్డ ఈ జబ్బుని మొదలెడుతుందనీ, అది తియ్యకుండా ఎన్ని మందులు పోసినా నిలవవనీ సుదేష్ణ చెప్పింది. స్కాన్ చేశారు. ఏమీ కనపడలేదు. పిల్ల ఒక్క క్షణం కదలకుండా ఉంటే కదా సరిగ్గా చూడ్డానికి. ఊపిరి ఇంకా తగ్గితే గొట్టం వెయ్యాలన్నారు. గొట్టం వేశాక మళ్ళీ తీస్తామని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక నేను దాచిన సంగతికొస్తాను.

ఈ జబ్బులో నోరూ చేతులూ వాటంతటవే ఆడతాయి. రూతుకీ అంతే. నోట్లో ఏమీ లేకుండానే నమిలేది. చెయ్యి ఆడేది. అదీ సెలైన్ సూది పెట్టిన ఎడమ చెయ్యే. "కుడి చెయ్యి ఖాళీగానే ఉంది కదా, మళ్ళీ మళ్ళీ ఇదే ఎందుకు లేపుతుంది" అని సిస్టరు విసుక్కుంటూ రోజుకి రెండుసార్లు సూది మార్చేది. మందులు మొదలెట్టిన అయిదో రోజు, మంచం పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తున్నాను. పిడికిలి బిగిసి కుడి తొంటి కిందికి వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత అరచెయ్యి బోర్లపడి రెండుసార్లు ఊగింది. మళ్ళీ పిడికిలి.

ఆ గుర్తు నాకు తెలుసు.

రేవులో నా పని సిగ్నల్. ఓడ కడుపులో, సరుకు దగ్గర ఒకడుంటాడు. పైన క్రేను తోలేవాడికి వాడు కనపడడు. డెక్కు మీద నిలబడి కిందివాడి చేతులు చూసి పైవాడికి చెప్పేవాణ్ణి నేను. ఎత్తు, దించు, ఆపు, అన్నీ చేతులతోనే. ఆ చప్పుడులో అరుపులు పనికిరావు. ప్రతి గ్యాంగుకీ సొంత గుర్తులు కొన్ని ఉండేవి. మా గ్యాంగులో కింద ఉండేవాడు అప్పన్న, టెక్కలి వైపు మనిషి. నాకు తమ్ముడి లెక్క. పిడికిలి తొంటి కింద పెట్టి, అరచెయ్యి రెండుసార్లు ఊపే గుర్తు వాడు కట్టిందే. 'ఈ పక్క కింద ఇంకేదో ఉంది, ఎత్తకు' అని అర్థం. అది చూస్తే నేను అరచెయ్యి నడినెత్తి మీద రెండుసార్లు తట్టుకోవాలి. 'చూశాను' అని.

ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఒక మధ్యాహ్నం అప్పన్న ఆ గుర్తు పెట్టాడు. నేను చాయ్ తాగుతున్నాను. గ్లాసు దించి చూసేసరికి గొలుసు లేచిపోయింది. కింద ఇరుక్కున్న ఇనప రేకు ఊడి వాడి మీద పడింది. చాయ్ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళకి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ తర్వాత ఆ గుర్తు నేను ఏనాడూ పెట్టలేదు. రూతు పుట్టేనాటికి అప్పన్న పోయి పద్నాలుగేళ్ళు. కంటైనర్ పెట్టెల ఓడలొచ్చి మా గ్యాంగే లేకుండా పోయింది. ఆ గుర్తు తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నేనొక్కణ్ణే.

చెప్పకుండా తొమ్మిది రోజులు ఊరుకున్నాను. దెయ్యాలు లేవనేవాణ్ణే, అప్పన్న నా మీద కోపంతో పిల్లని పట్టాడనుకున్నాను. చెబితే నా చాయ్ గ్లాసు కూడా బయటికొస్తుంది. పక్క మంచం మీద నన్నూ పడుకోబెడతారని కూడా అనిపించింది. నా సిగ్గు కోసం ఆ తొమ్మిది రోజులూ పిల్ల ఊపిరి తగ్గనిచ్చాను. ఇది నేను చేసిన రెండో ఆలస్యం.

పదో రోజు పొద్దున సుదేష్ణ తన ల్యాప్‌టాప్ తెచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"దాదు, ఒకటి చూస్తారా? ఇంతమంది రోగుల చేతులు కంప్యూటర్‌కి చూపించాను. ఎవరి చెయ్యీ రెండుసార్లు ఒకేలా ఆడదు. మీ పిల్లది ప్రతిసారీ అదే వరస. కంప్యూటరు దీన్ని ఏ గుంపులోనూ కలపనంటోంది. పిల్ల డాన్సు నేర్చుకుందా?"

"డాన్సు కాదు దీదీ" అన్నాను. మొత్తం చెప్పేశాను. చాయ్‌తో సహా.

ఆవిడ నవ్వలేదు. "నేను నమ్మను దాదు" అంది. "కానీ స్కాన్ మళ్ళీ చెయ్యమనడానికి నమ్మకం అక్కర్లేదు. మొదటిది సరిగ్గా రాలేదని నాకూ అనుమానమే. ఏ పక్క అన్నారు?"

"కుడి. తొంటి కింద."

ఆవిడ లేచి ఫోన్ తీసింది. నేను మంచం దగ్గరికి వెళ్ళాను. ఎస్తేరు పిల్ల నోరు తుడుస్తోంది. సిస్టరు సూది సరిచేస్తోంది. పిల్ల చెయ్యి మళ్ళీ లేచింది. పిడికిలి, తొంటి, అరచెయ్యి. నేను నిటారుగా నిలబడి నడినెత్తి మీద రెండుసార్లు తట్టుకున్నాను.

చెయ్యి ఆగిపోయింది.

నెమ్మదిగా దుప్పటి మీదికి దిగి, అక్కడే ఉండిపోయింది. సిస్టరు భయపడి నాడి చూసింది. బాగానే ఉంది. అప్పుడు టైము పదకొండు దాటి ఇరవై నిమిషాలు. చార్టులో సిస్టరు రాసింది, అంకెలు కాబట్టి నేనూ చదివాను. అంతకు గంట ముందు మందొకటి ఇచ్చారు, దానివల్ల కావచ్చునంది సుదేష్ణ. కావచ్చు. కానీ అదే మందు అంతకు మూడు రోజుల నుంచీ ఇస్తున్నారు.

మర్నాడు మత్తిచ్చి స్కాన్ చేశారు. కుడి అండాశయంలో నిమ్మకాయంత గడ్డ. ఆపరేషన్ చేసి తీశారు. దాంట్లో జుట్టు ఉంది, ఒక పన్ను ఉంది. ఇలాంటి గడ్డల్లో మెదడు లాంటి కండ కూడా ఉంటుందనీ, సైన్యం ముందు దాని మీదికి పోయి, తర్వాత అసలు మెదడు మీదికి తిరిగిందనీ సుదేష్ణ చెప్పింది. జుట్టూ పన్నూ విని మా సందులోవాళ్ళు, "సూసినావా, సేతబడే" అన్నారు. "సేతబడయితే మీ ఓఝా కోసేవోడేటి? డాకటరమ్మ కోసింది" అన్నాను.

గొట్టం అవసరం రాలేదు. మూడు వారాలకి రూతు కళ్ళు మనుషుల్ని వెంబడించాయి. ఆరో వారంలో నా వైపు చూసి, "తాతా, గెడ్డం గీసుకోలేదేటి" అంది. ఎనిమిది నెలలకి ఆఫీసుకి వెళ్ళింది.

చర్చిలో సాక్ష్యం చెప్పే ఆదివారం నేనూ లేచాను. దేవుడికీ డాక్టరమ్మకీ వందనాలు చెప్పి కూర్చున్నాను. అది సగం సాక్ష్యమే. మిగతా సగం ఇది.

సుదేష్ణని చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఆ వీడియోకి ఏం పేరు పెట్టావు దీదీ అనడిగాను. ప్రతి కదలికకీ ఆవిడ దగ్గర ఒక పేరుంటుంది. "ఆ గడి ఖాళీగానే ఉంచాను దాదు. తెలియనిదానికి పేరు పెడితే రేపు తెలిసిందనుకుంటాం" అంది. ఆ మాటకి కూడా ఆవిడకి మొక్కాలి.

రూతుకి ఆ నెలలేమీ గుర్తులేవు. ఇంటి దగ్గర ఆ గుర్తు నేనే చేసి చూపించి, చెయ్యమన్నాను. కుడి చేత్తో వంకరగా చేసి, "బస్సాపుతున్నట్టుంది తాతా" అంది.

ఈ కాగితాలు తప్పులు దిద్దమని మొన్న దానికే ఇచ్చాను. ఎర్ర పెన్ను పట్టుకుని చదువుకుంటూ పోయి, అప్పన్న దగ్గర ఆగింది.

"తాతా, ఆ అప్పన్న తాత ఏ సేత్తో సేసీవోడు?"

అది రాయకుండా వదిలేశాను, కావాలనే. గ్యాంగులో మిగతా మేమందరం కుడి చేత్తోనే చేసేవాళ్ళం.

"ఎడం సేత్తో" అన్నాను. "ఆడిది ఎడంసెయ్యి వాటం."

రూతు తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది. సూదుల మచ్చలు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఒకసారి వేలితో రాసుకుంది.

అదెలా జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునేంత ఆయుష్షు ఉందని కూడా అనుకోను. అప్పన్న కోపంతో రాలేదని మాత్రం ఇప్పుడనుకుంటున్నాను. అసలు వచ్చాడో లేదో దేవుడికి తెలియాలి.

"ఇది కూడా రాయి తాతా" అంది రూతు. మళ్ళీ పెన్ను తీసి, "అప్పన్నకి ఒత్తు మర్సిపోయినావు సూడు" అని, వాడి పేరు కింద ఎర్రగా దిద్దింది.