కమిటీ మీటింగులో చుట్టల పళ్ళెం

ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద అందరం కలిసి పనిచేద్దామని ఈ రోజు భీమవరంలో మొదటి మీటింగ్ పెట్టాం. ఆటో యూనియన్ వాళ్ళు, ఆర్‌ఎంపీ డాక్టర్లు, రైతులు, డ్వాక్రా మహిళలు, ఛాతీ డాక్టరమ్మ గారు అందరూ వచ్చారు. మూణ్ణెల్లు కాళ్ళరిగేలా తిరిగి వీళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది నేనే. తన ఇంట్లో చోటిచ్చింది రైతుల పెద్ద సుబ్బరాజు గారు. ఆయన తమ్ముడు నిరుడు ఈ జబ్బుతోనే పోయారు.

టీలయ్యాక లోపలి నుంచి వెండి పళ్ళెం వచ్చింది. తమలపాకులు, వక్కలు, పక్కనే వరసగా చుట్టలు.

డాక్టరమ్మ గారు బ్యాగు తీసుకుని లేచి నిలబడ్డారు. "ఏంటండీ ఇది? నన్ను పిలిచింది ఇందుకా?"

సుబ్బరాజు గారి మొహం ఎర్రబడింది. "ఇంటికొచ్చిన వాళ్ళకి మర్యాద చెయ్యడం కూడా తప్పేనా అండీ?"

ఆవిడ వెళ్ళిపోతే మీటింగే లేదు. ఆయనకు కోపమొస్తే రైతులు ఒక్కరూ మిగలరు.

చివరికి ఆవిడే మెల్లగా అడిగారు. "మీ తమ్ముడు గారికి కూడా ఈ పళ్ళెంలోనే ఇచ్చేవారా అండీ?"

ఆయన పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. "నేనే వెలిగించి ఇచ్చేవాణ్ణండి."

తనే లేచి దాన్ని వరండాలో పెట్టి వచ్చారు. ఆవిడ కూర్చున్నారు. కమిటీ ఏర్పడింది, అందరూ సంతకాలు పెట్టారు.

వెళ్ళేటప్పుడు చూస్తే పళ్ళెంలో తమలపాకులు, వక్కలే మిగిలాయి. మధ్యలో ఫోనొచ్చి బయటికెళ్ళినప్పుడు ఒక చుట్ట నేనే తీశాను, ఒప్పుకుంటున్నాను. కమిటీ సభ్యులారా, మిగతావి ఎవరి జేబుల్లో ఉన్నాయో కింద కామెంట్లలో మీరే రాయండి.