చప్పుడు క్యాసెట్స్ మా సరోజ వదిన

నిన్న పొద్దున హోసూరు నుంచి అన్న ఫోన్ చేశాడు. "సరోజ పోయిందమ్మా" అన్నాడు.

"యాడికి?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. మా వదిన ఎప్పుడూ ఏదో ఒక ఊరికి పోతూనే ఉండేది. అన్న ఏడుపు వినపడ్డాక గానీ విషయం నా బుర్రకెక్కలేదు.

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నన్ను తిట్టింది, మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి పోలేదని. అంత గట్టిగా తిట్టిన మనిషి తెల్లారేసరికి లేదంటే ఎలా నమ్మాలి?

నిన్నంతా ఏడ్చాను. ఈ రోజు మాత్రం గొప్పలు చెప్పుకుంటాను. మా వదిన గురించి చెప్పాలంటే గొప్పలే చెప్పాలి మరి.

ఎనభైల మొదట్లో హోసూరు బజారులో మాది రేడియో రిపేరు అంగడి. అన్న రేడియోలు బాగుచేసేవాడు. వదిన జనం అడిగిన సినిమా పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చేది. రోజంతా అవే పాటలు.

"చెవులు తుప్పు పట్టిపోతా ఉండాయి పద్మా" అనేది నాతో.

నాకూ తనకూ ఒకటే ఈడు. వదినా ఆడపడుచుల్లా కాదు, ఫ్రెండ్స్‌లా ఉండేవాళ్ళం.

ఒకసారి బర్గూరులో చుట్టాల పెళ్ళికి పోతూ అంగట్లోని టేప్ రికార్డర్ వెంట తెచ్చింది. పెళ్ళి భోజనం కూడా వదిలేసి క్వారీకి పోయి, రాళ్ళు కొట్టే ఆడవాళ్ళ పాటని సుత్తి దెబ్బలతో సహా రికార్డు చేసుకొచ్చింది.

అయితే సెల్లులు అప్పటికే అయిపోవచ్చాయి. ఆ రోజుల్లో అందరిలాగే మేమూ అయిపోయిన సెల్లుల్ని మిద్దె మీద ఎండబెట్టి మళ్ళీ వాడేవాళ్ళం. అలాంటి సెల్లులతో రికార్డయ్యేటప్పుడు టేపు నిదానంగా ఈడ్చుకుంటూ తిరిగింది. ఇంటికొచ్చి కరెంటు మీద పెడితే అంతా డబుల్ స్పీడు! సుత్తి దెబ్బలు రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు, ఆ ఆడవాళ్ళు చంటిపిల్లలయి పాడుతున్నట్టు.

"చెడిపోయింది, తుడిచేయి" అన్నాడు అన్న.

వదిన ఇంకోసారి మొత్తం విన్నది. "తుడిచేదేంది? ఇదే మన ఫస్ట్ రిలీజ్."

అలా పుట్టింది "చప్పుడు క్యాసెట్స్". ఆఫీసు మా మిద్దె, స్టాఫ్ మేమిద్దరం. ఆ రాళ్ళు కొట్టిన ఆడవాళ్ళ పేర్లన్నీ కవర్ల మీద నేనే రాశాను.

రిలీజ్ అయ్యాక టూర్ ఉండాలంది. అద్దెకు ఒక వ్యాన్, పైన స్పీకరు, ఊరూరా సంతలు!

నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కోడలు సంతలో మైకు పెట్టడమా? అంగడి ఆయనది, మిషన్లు ఆయనవి. అన్న బతిమాలగా బతిమాలగా చివరికి నాన్న ఒక మాట చెప్పాడు.

"ఒకటే సంత. పోచంపల్లికి పోయిరండి. జనం నవ్వినారంటే ఆ పొద్దుతో ఈ చప్పుళ్ళన్నీ బంద్. మళ్ళా నువ్వు టేప్ రికార్డర్ ముట్టేదానికి లేదు."

వదిన సరే అంది. భయమంతా నాకే.

మా కృష్ణగిరి వైపు పోచంపల్లిలో కోళ్ళు అమ్మేవాళ్ళ పక్కన వ్యాన్ ఆపాం. టేపు మొదలైంది. ముందు ఒకాయన తలెత్తి చూశాడు. పక్కవాడు కిసుక్కుమన్నాడు. అంతే, ఆ వరసంతా నవ్వు. చింతపండు గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. పోయి వ్యాన్ వెనకాల నిలబడ్డాను. మాతో వచ్చిన అన్న స్పీకర్ ఆపబోయాడు.

వదిన ఆయన చెయ్యి తోసేసి, రెండో టేప్ రికార్డర్ ఆన్ చేసి, మైకు జనం వైపు తిప్పింది.

"నవ్వండప్పా, బాగుంది! ఇంగొక తూరి నవ్వండి, రికార్డు చేసుకుంటా. అమ్మా, ఎనకాల ఉండేవాళ్ళు ఇంగా గట్టిగా నవ్వల్ల!"

ఈసారి సంతంతా నవ్వింది. ఒక తాత దగ్గరకొచ్చి, "ఏమ్మా, మా నవ్వుకి దుడ్డిస్తావా?" అన్నాడు.

"క్యాసెట్టు ఇస్తా తాతా. నీ పేరు చెప్పు, కవరు మీద ఏస్తా."

ఇంటికి రాగానే నాన్న "ఏమైంది?" అన్నాడు. నేను తల దించుకున్నాను. వదిన దించుకోలేదు.

"మీరు చెప్పినట్టే నవ్వినారు మామా. ఈడుంది, వినండి."

ఎండబెట్టిన సెల్లులు వేసి టేపు పెట్టింది. ఆ నవ్వులన్నీ నిదానంగా, లావు గొంతుతో, ఎనుములు మాట్లాడుకుంటున్నట్టు వచ్చాయి. నాన్న మొహం బిగించుకుని చివరిదాకా విన్నాడు.

టేపు ఆగింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఒక పక్కకే సరిపోతుందే. రెండో పక్క ఏం పెడతావమ్మా?"

రాయకోట రైలు గేటు చప్పుడు పెట్టింది! ఆ తర్వాత కృష్ణగిరి మామిడి మండీ, రేకుల షెడ్డు మీద వాన, ఇంకా ఎన్నో రిలీజులు. ప్రతి రిలీజ్‌కీ ఒక టూర్. ఏది హిట్టో ఏది ఫ్లాపో వదిన ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎక్స్‌పెరిమెంటల్ మ్యూజిక్ అంటున్న పిల్లలూ, వినండి. మా వదిన ఆ పని హోసూరు మిద్దె మీద ఎప్పుడో చేసేసింది.

కొన్నాళ్ళకు నేను రేడియో మెకానిక్ కోర్సులో చేరతానన్నాను. క్లాసులో అందరూ మగపిల్లలే. చుట్టాలందరూ నాన్న మీద పడ్డారు, జనం నవ్వుతారని.

నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "నవ్వనీలేప్పా. మా ఇంటి ఆడోళ్ళకి అది అలవాటే."

ఆ కోర్సే నాకు జీవితాంతం అన్నం పెట్టింది.

పోయిరా వదినా. నువ్వున్న చోట నిన్ను ఎవరూ సైలెంట్‌గా ఉండమనకుండా ఉండాలి. నీకు అదే శాంతి.