నకలు అన్న మాట

పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ విప్పుతుంటే థర్మోకోల్ కీచుమంది. పళ్లు జివ్వుమన్నాయి. అప్పుడే వాళ్ల టీవీలో ఎవడో ఒక విదేశీ యుద్ధవిమానం గురించి గొంతు చించుకుంటున్నాడు: "అచ్చం అమెరికా వాళ్లదే! నకలీ మాల్!" నాకు ఒళ్లు మండిపోయింది. సుక్మాలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే నాకు ఏ దేశపు విమానం ఎలా ఉంటేనేం? కానీ నకలు అన్న మాట వింటే వరలక్ష్మి టీచర్ గుర్తొస్తారు. ఆవిడతోపాటు కోపమూ వస్తుంది.

కిరందూల్‌లో నేను చదివిన హిందీ బడిలో ఆవిడ సైన్సు చెప్పేవారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, మాలాగే. ఉద్యోగం తాత్కాలికం, ఏటేటా పొడిగిస్తేనే ఉన్నట్టు. ఒకసారి జగదల్‌పూర్‌లో జరిగే సైన్సు ప్రదర్శనకని నాచేత థర్మోకోల్‌తో రెండు విమానాలు చేయించారు. రెండూ ధ్వనికంటే వేగంగా జనాన్ని మోసినవే. ఒకటి బ్రిటన్, ఫ్రాన్సులు కలిసి చేసింది, రెండోది వాళ్లకు పోటీగా రష్యా చేసింది. అదే పొడవాటి ముక్కు, అవే త్రిభుజం రెక్కలు. రష్యావాళ్లు దొంగిలించారా అని అడిగాను.

"ఏటోనమ్మా, నాను సూడలేదు గదా. అంత జోరుగా ఎగరాలంటే ఎవులికైనా ఆ రెక్కే కావాల. గాలికి రష్యా ఏటి, ఫ్రాన్సు ఏటి? ముందు తేడా ఎక్కడుందో ఎతుకు," అన్నారు. ఫొటోలు ముందేసుకుని వెతికితే దొరికింది. రష్యా విమానానికి ముక్కు వెనకాల మీసాల్లాంటి రెండు చిన్న రెక్కలు! దిగేటప్పుడు వాటిని చాపితే, వేగం తగ్గినా విమానం ముందుకు ఒరిగిపోదట. నా సంబరం అంతా ఇంతా కాదు.

అట్టముక్క మీద శీర్షిక టీచరే హిందీలో రాశారు: "దో విమానోం కీ నకల్", అంటే రెండు విమానాల నకలు. పొలం కాగితాలకు నకలు తీయిస్తామే, ఆ అర్థంలో రాశారు, ఉన్నదున్నట్టు చేసిన నమూనాలని. హిందీ బడిలో నకల్ అంటే పరీక్షలో కాపీ కొట్టడం. న్యాయనిర్ణేతగా వచ్చిన అధికారి అది చదివి పగలబడి నవ్వాడు. "మేడమ్, పిల్లలకు నేర్పేది నకల్ కొట్టడమా? రెండూ ఒకటే కదా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. "సార్, ఆ మాట నా పొరపాటు. కానీ బొమ్మలు ఒకటి కావు. ఒక్కసారి వంగి చూడండి," అని టీచర్ తనకొచ్చిన హిందీలో బతిమాలారు. అతను వంగలేదు. ఆవిడ హిందీని వెక్కిరించి ముందుకు నడిచాడు. ఆ ఏడు మా బడివాళ్లు ఆవిడ ఉద్యోగం పొడిగించలేదు. బడి పరువు పోయిందట! మరి ఆవిడ పరువో?

ఆవిడ ఊరికి వెళ్లిపోతున్న రోజు, విశాఖ వెళ్లే పాసింజర్ దగ్గర ఏడుస్తూ, "ఆ మనిషి నాశనమైపోవాలి," అన్నాను. ఆవిడ వారించలేదు.

"కోపం ఉండనీ ఒలమ్మీ, నాకూ ఉంది. గానీ నువ్వూ సూడకుండా మాటాడేవంటే, ఆడికీ నీకూ తేడా ఏటుంటాది?"

పక్కింటి టీవీ గోల విన్న మర్నాడు నా క్లాసులో పిల్లలు ఆ విమానం నకలేనా అని అడిగారు. నాకు తెలియదన్నాను. దాని బొమ్మా, అమెరికా విమానం బొమ్మా బోర్డుకు అతికించి, దగ్గరకొచ్చి చూడమన్నాను. ఆవిడ నేర్పిన ఓర్పు నాకు అంతవరకే అబ్బింది. ఆ రోజు ఆ అధికారికి వంగి చూడడానికి అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషం ఇవ్వని మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.