పెదనాన్న గోడ మీది క్వీన్స్‌టౌన్

రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా పెదనాన్న ఇంటి గోడకి ఓడదారుల పాత మ్యాపు ఒకటి ఉంది. రేవులో మేస్త్రీగా చేసిన ఆయన తాత సంపాదించినది. చెదలు వదిలేసిన ఆ ముక్కే ఆయనకి భూగోళం. దాని కింది మూల మీద ఎప్పుడూ ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది.

నేను ఓడల్లో వంటవాణ్ణి. నిరుడు మా ఓడ రిపేరుకని ఐర్లాండ్‌లో కార్క్ రేవులో ఆగింది. ఆ రేవులోనే గ్రేట్ ఐలాండ్ అనే దీవి ఉంది. వంతెన దాటి దాని మీదికి వెళితే, కొండవాలున రంగురంగుల ఇళ్ళతో కోవ్ అనే ఊరు. ఇంగ్లండు రాణి ఒకసారి అక్కడ దిగిందట, అంతమాత్రానికే ఊరిని క్వీన్స్‌టౌన్ చేసేశారు. దొరల పాలన పోయేవేళ ఊరివాళ్ళు ఆ పేరు పీకి పారేశారు.

ఇది చెబితే పెదనాన్న మ్యాపు మీద వేలు పొడిచాడు.

"ఇక్కడేటి రాసుంది? క్వీన్స్‌టౌన్. మార్సడానికి ఆళ్ళెవర్రా?"

"అక్కడ బతికేవోళ్ళు పెదనాన్నా."

"బతికితే సాలేటి? మేపు గీసినోళ్ళకంటే ఆళ్ళకెక్కువ తెలుసా?"

ఏరు దాటించే దలా పడవ దిగి అవతల నాలుగడుగులు వేయని మనిషికి ఎంత ధీమా!

నేను లేచి క్యాలెండర్ పైకెత్తాను. దాని కింద రంగూన్ రేవు బొమ్మ, మా పేట మీద 'కోరంగీ కూలీలు' అన్న అచ్చు అక్షరాలు. తెలుగువాళ్ళని ఇక్కడ చిన్నచూపుతో పిలిచే మాట అది. ఎవరైనా అంటే ఆయన చెప్పు తీస్తాడు.

"ఇదీ ఆ మేపు గీసినోళ్ళు రాసిందే. మనం కోరంగీలమేనా పెదనాన్నా?"

పెదనాన్న నా చేతిలోంచి క్యాలెండర్ లాక్కుని, మళ్ళీ ఆ అక్షరాల మీదికే దించాడు.