సువార్తమ్మ టీచరు నమ్మని వాక్యం

ముందు మిరపకాయల లారీ వెళ్తుంటే వెనకాల బస్సులో కూర్చున్నవాళ్ళ పని తుమ్ములే తుమ్ములు. మొన్న చిలకలూరిపేట దాటాక నాకు అదే జరిగింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన కొత్త ఆసుపత్రి బోర్డు ఒకటి కనబడింది. నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ, కింద ఇంగ్లీషులో 'వుయ్ లుక్ ఆఫ్టర్ యువర్ ఫ్యామిలీ' అని. పక్కసీటు పెద్దాయన "ఏం రాశారమ్మా దానిమీద?" అని అడిగాడు. "మీ ఇంట్లోవాళ్ళని బాగా చూసుకుంటారటండీ" అన్నాను. "అట్టాగా!" అని ఆయన తెగ సంతోషపడ్డాడు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. లుక్ ఆఫ్టర్ అనే మాట ఎక్కడ కనబడినా నాకు అనుమానమే. ఆ జబ్బు నాకు అంటించిన మనిషి మా సువార్తమ్మ టీచరు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

పేటకు దగ్గర్లోని మా ఊరి బళ్ళో ఆవిడ ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. లోకంలో ఆవిడ నమ్మిన వస్తువు ఉండేది కాదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. కూరగాయలు కొంటే తక్కెడ పళ్ళెం అడుగున చెయ్యిపెట్టి తడిమేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆవిడ మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచుతుందని పిల్లలం చెప్పుకునేవాళ్ళం. మరి ఆ సంగతి చూసినవాళ్ళు కళ్ళు ఎందుకు తెరిచారో ఎవరూ అడగలేదు.

ఆవిడ పాఠం చెప్పే తీరే వేరు. వారానికొక ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసేది. దానితో ఒక వాక్యం రాసుకురావాలి. గైడులోది పనికిరాదు, ఆ వారం మన ఇంట్లో జరిగిందే అయ్యుండాలి. లుక్ ఆఫ్టర్ వంతు వచ్చినప్పుడు మా క్లాసు వెంకట్రావు "మా బాబాయి వంద గేదెల్ని లుక్ ఆఫ్టర్ చేస్తాడు" అనే అర్థం వచ్చేట్టు రాశాడు. సాయంత్రం ఆవిడ మోపెడ్ మీద వాళ్ళ కొట్టం దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టింది. మూడున్నాయి. అందులో ఒకటి దూడ. మర్నాడు వాడి చెవి ఆవిడ చేతిలో ఉంది. "తొంభై ఏడు ఎటుపోయినయ్ రా? మేతకెళ్ళినయ్యా?"

ఇలా ఇల్లిల్లూ తిరుగుతుంటే ఊరు ఊరుకుంటుందా? గవర్నమెంటు పంపిందన్నారు కొందరు. రేషన్ కార్డులు తీసేయడానికి ఇళ్ళు చూసిపోతోందన్నారు ఇంకొందరు. ఆవిడ మోపెడ్ చప్పుడు వినబడగానే టీవీ మీద దుప్పటి కప్పినవాళ్ళు నాకు తెలుసు.

అందరికంటే ఎక్కువ భయపడింది నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ మిల్లులో పత్తి పనికి వెళ్ళేది. ఆ ఏడాది దగ్గు పట్టుకుని మంచానికి అంటుకుపోయింది. లేస్తే ఆయాసం, నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరిగేవి. నీళ్ళు, పొయ్యి, గిన్నెలు, బట్టలు అన్నీ నావే. నాకు పన్నెండేళ్ళు. "నీకు బాగోకపోతే పిల్లని నా దగ్గరికి పంపెయ్యి" అని కనిగిరి నుంచి పెద్దమ్మ కబురు మీద కబురు పెడుతోంది. సంగతి బయటపడితే నన్ను పంపించేస్తారు. నేను లేకపోతే అమ్మకి మంచినీళ్ళిచ్చే దిక్కుండదు, చచ్చిపోతుంది. నాకు తెలిసింది అంతే. అందుకే 'మై మదర్ లుక్స్ ఆఫ్టర్ మీ' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను.

అనుకున్నట్టే సాయంత్రం టీచరు వచ్చింది. మోపెడ్ చప్పుడు విని అమ్మ లేచి గోడకానుకుని కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుంది. "ఆరోగ్యం బాగుందామ్మా?" అంది టీచరు. "నాకేమండీ, బండరాయిలా ఉన్నా" అంది అమ్మ, దగ్గును గొంతులోనే నొక్కిపట్టి. నేను టీ ఇచ్చాను. టీచరు టీ తాగుతూ పొయ్యి వంక చూసింది, నా అరచేతుల వంక చూసింది. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆ చూపుకి నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు నా పుస్తకంలో టిక్కు లేదు. "అదే మాట మీద ఇంకోటి రాయి" అంది. రాశాను. మళ్ళీ వారం మళ్ళీ అదే. క్లాసంతా వేరే మాటలకు వెళ్ళిపోయింది, నేనొక్కదాన్నే లుక్ ఆఫ్టర్ దగ్గర ఇరుక్కున్నాను. ఈవిడకి నామీద ఏం పగ అని మనసులో శాపనార్థాలు పెట్టేదాన్ని. ఐదు వారాలు గడిచాక ఒకరోజు మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టినప్పుడు నన్ను ఆపింది. పుస్తకం తెరిచి నేను రాసినవన్నీ వరసగా చదివింది.

"మీ అమ్మ నీకు జడ వేస్తది. పావడా అంచు కుడతది. ఎక్కాలు అప్పజెప్పించుకుంటది. బియ్యంలో రాళ్ళు ఏరతది. కథలు చెప్తది. అంతేనా?"

"అంతే టీచర్. అన్నీ నిజమే. ఒట్టు."

"నిజమే. అన్నీ కూర్చుని చేసే పనులే. మీ అమ్మ నిలబడి చేసే పని ఒక్కటి రాయి, టిక్కు కొట్టేస్తా."

వెతికాను, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అబద్ధం రాద్దామన్నా చెయ్యి రాలేదు. "రాస్తే నన్ను కనిగిరి పంపిస్తారు టీచర్!" అని బావురుమన్నాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత, "ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో ఉన్నదున్నట్టు రాయి" అంది. 'ఐ లుక్ ఆఫ్టర్ మై మదర్' అని రాశాను. కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు కొట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ మోశావు, ఇక చాల్లేమ్మా. నేనున్నా. నిన్ను ఎక్కడికీ పోనివ్వను."

"నేనెట్టా నమ్మాలి టీచర్?"

నోరు జారింది. చెంప పగులుతుందనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. "అడిగావూ! ఇన్నేళ్ళకి ఒక్కతి అడిగింది!" అని, నా పుస్తకంలో తన చేత్తో రాసింది: మీ అమ్మకి నయమయ్యేదాకా మీ ఇద్దర్నీ నేను లుక్ ఆఫ్టర్ చేస్తాను. "రోజూ నువ్వే దిద్దు. వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ."

మర్నాడే అమ్మని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మానకుండా మింగాలి. టీచరు రోజూ పొద్దున్నే వచ్చి మాత్ర మింగించి, "నోరు తెరువమ్మా, నాలుక ఎత్తు" అనేది. "ఈవిడకంటే పోలీసులు నయమే" అని అమ్మ గొణిగేది. ఒక వానరోజు రాలేదు. నేను ఇంటూ కొట్టాను. మర్నాడు చూసి, "నల్లరేగడి బురదలో బండి దిగబడింది" అంది. పుస్తకం నా చేతికిస్తూ, "అయినా రాని మాట నిజమే, ఇంటూ ఉండనీ" అంది.

మూడో నెలలో పెద్దమ్మ నన్ను తీసుకెళ్ళడానికి రానే వచ్చింది. నా బట్టలు సంచిలో కుక్కుతుంటే టీచరు మాత్ర ఇవ్వడానికి వచ్చింది. సంగతి చూసి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లెగండి, పిల్లతో బయల్దేరాలి" అంది పెద్దమ్మ.

"పిల్ల రాదండి."

"మా పిల్ల సంగతి చెప్పడానికి మీరెవరండీ?"

"మాటిచ్చినదాన్ని. పుస్తకంలో రాసిచ్చా. తప్పితే ఈ పిల్ల నాకు ఇంటూ కొడతది. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది, నా పరువు పోదూ?"

పెద్దమ్మ మంచం మీది అమ్మని చూసింది. అమ్మ చెయ్యి నా పావడా అంచు పట్టుకుని ఉంది. "సరేలేవే, నీ దగ్గరే ఉంచుకో" అని పెద్దమ్మ సంచి కింద పెట్టింది. నేను ఆ సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను.

ఆరు నెలలయ్యాక నయమైందని ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారు. టీచరు కాగితాన్ని నమ్ముతుందా? అమ్మ తనే బడిదాకా నడిచొచ్చి, "ఇక తనిఖీకి రానక్కర్లేదండీ, రేపు భోజనానికి రండి" అని పిలిచింది. "వంట ఎవరిది?" అంది టీచరు. "నాదే." "చూస్తా" అంది. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, గోంగూర ఉడికేదాకా పొయ్యి దగ్గరే నిలబడి చూసింది. నన్ను మాత్రం "నీకిక్కడేం పని, పోయి ఆడుకో" అని తరిమింది. ఆటలు మరిచిపోయాననుకున్నాను. తొక్కుడుబిళ్ళ గడులు గీసి పదినిమిషాలైందో లేదో, వీధి చివరిదాకా వినబడేలా కేక వచ్చింది. "ఒసేయ్ పద్మా! అన్నానికి రావే!" అమ్మది. ఏడాది తర్వాత మొదటి కేక. చివర్లో దగ్గొస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. రాలేదు. అయినా నమ్మకం కుదరక పలక్కుండా నిలబడ్డాను. అమ్మ మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా, తిట్లతో సహా. అప్పుడు ఏడుపొచ్చింది.

అమ్మకి ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డాయి. ఫోన్లో "బాగానే ఉన్నానే" అంటే నేను నమ్మను. "ఏదీ, నన్నొకసారి గట్టిగా పిలువు" అంటాను. "ఛీ, నీకూ ఆ టీచరమ్మ బుద్ధులే వచ్చినయ్!" అని తిడుతుంది. తిట్టి, పిలుస్తుంది.