చిన్నాయన వేసిన రెండు వేషాలు

మా చిన్నాయన రెండే రెండు సినిమాల్లో కనిపించాడు. కొండాపురం దగ్గర మా ఊరు రిజర్వాయర్ నీళ్లలో మునిగాక, పునరావాస కాలనీలో ఉంటూ గొర్రెలు మేపుకునేవాడు. గండికోటకు షూటింగ్‌కి వచ్చినవాళ్లు ఆయన మీసాలు చూసి పిలిచారు.

మొదటిదాంట్లో విలన్ మనిషి. చేతికి వేటకొడవలి ఇచ్చి కోపంగా చూడమన్నారట. ఎన్నిసార్లు చూసినా ఆ మొహంలోకి కోపం రాలేదు. చివరికి నల్ల కళ్లద్దాలు పెట్టారు. ఆ సినిమాకు అందరం ప్రొద్దుటూరు వెళ్లాం. హీరో తన్నిన తన్నుకు చిన్నాయన ఎగిరి గడ్డివాములో పడ్డాడు. చిన్నమ్మ పక్క సీటావిడ భుజం తట్టి, "ఆడ పడిండేది మా ఇంటాయనే" అని మురిసిపోయింది.

రెండోది చిన్న సినిమా. ఊరు ఖాళీ చేసే ముసలాయన వేషం. మాటల్లేవు, గడప మీద కూర్చుని ఏడవాలి. అప్పుడు నేను జమ్మలమడుగులో పనిచేస్తున్నాను. తోడుగా వెళ్లాను. డైరెక్టర్ గ్లిజరిన్ సీసా తీసుకొస్తే చిన్నాయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దప్పా. మేం ఇల్లు ఇడిసేటప్పుడు ఏడ్సలేదు."

"మరేం చేశారు పెద్దాయనా?"

"ఒగ పక్క నీళ్లొస్తాండాయి. తలుపులు, దూలాలు పీకి ట్రాక్టర్‌కు ఎత్తల్ల. ఏడ్సేదానికి టైమ్ యాడుంది?"

డైరెక్టర్ సీసా పక్కన పెట్టి, అదే చేసి చూపించమన్నాడు. చిన్నాయన తలుపు ఊడబెరికి, వీపు మీద వేసుకుని, తిరిగి చూడకుండా నడిచాడు. ఒక్కసారికే ఓకే అయింది.

ఆ సినిమా థియేటర్లకు రాలేదు. తర్వాత చిన్నాయన, చిన్నమ్మ పులివెందులలో మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించాను. నాకైతే అదే గొప్ప నటన అనిపించింది. చిన్నమ్మ మాత్రం తలుపు ఊడే దగ్గరే మొహం తిప్పుకుంది.

"యేందిమే, ఇందులో శానా బాగా చేసినా గదా?" అన్నాడు చిన్నాయన నొచ్చుకుని.

"నువ్వు చేసిందేముంది? జరిగిందే గదా. అందురూ నిన్ను సూస్తారు. నాకు ఆ తలుపు ఎనకాల మన ఇల్లు కనపడతాంది."

చిన్నాయన సినిమా ఆపేశాడు. ఫోన్ నా చేతికిచ్చేసి, జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు.