విల్లు తాత అనని మాట

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరైనా ఒక నిర్ణయానికి వచ్చారంటే దాని వెనక తప్పకుండా ఒక సామెత ఉండేది. పిల్లనిచ్చేటప్పుడు ఒకటి, దూడను కొనేటప్పుడు ఒకటి, వాన గురించైతే మనిషికి నాలుగు. సామెత పడ్డాక ఇంక వాదన ఉండేది కాదు, కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడవి ఎంతవరకు పనికొస్తాయని ఎవరైనా అడిగితే, సమాధానం చెప్పే అర్హత నాకు లేదనే అనుకుంటాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక్క సామెత కూడా ఇందులో రాయను, మన్నించాలి. నా నోటి నుంచి ఒకసారి ఒకటి బయటికొచ్చి చేసిన నిర్వాకం చాలు.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప వేసే ఊరు మాది. మా బస్టాపు పక్కన రేకుల పంచలో ఒక పెద్దాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు ఎప్పుడూ చేతిలోనే ఉండేది కాబట్టి ఊరంతటికీ ఆయన విల్లు తాత. తెల్ల టోపీ, కనుబొమల మీద దూది, గడ్డంలో దూది (ఏది గడ్డమో ఏది దూదో ఆదివారం స్నానం చేస్తేగాని తెలిసేది కాదు). విల్లు తాడు ఒకసారి మోగితే ఒక సామెత అనేవాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సొచ్చినా ఎక్కకుండా వినేవాళ్ళు. ముఖ్యంగా వాన సంగతి. ఆయన అన్నాడంటే రైతులు రేడియో కట్టేసేవాళ్ళు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందనే ధీమాతో ఇంట్లో కూర్చున్నాను. అది వచ్చేలోగా మా నాన్న నాకో పని అప్పజెప్పాడు. మిరపకాయలు కల్లంలో ఆరబోసే కాలం అది. పొద్దున కాయను పరచాలి, సాయంత్రం మంచుకు తడవకుండా కుప్పచేసి పైన పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. వినడానికి చిన్న పనే. కానీ ఆ ఘాటు ముక్కులోకి వెళ్తే తుమ్ములు వరసగా పాతిక దాకా వస్తాయి. పైగా సరిగ్గా అదే వేళకి స్కూలు మైదానంలో వాలీబాల్ మొదలయ్యేది. జట్టులో నేను పెద్ద ఆటగాణ్ణేం కాదు (నెట్ కట్టేది నేనే, బంతి పొలాల్లోకి పోతే తెచ్చేదీ నేనే). అయినా నేను లేకపోతే ఆట సాగదని గట్టిగా నమ్మేవాణ్ణి.

పట్టా కప్పకుండా ఉండాలంటే మా నాన్న ఒప్పుకోవాలి. మా నాన్న నా మాట వినడు. వినేది ఒక్క విల్లు తాత మాటే. ఇక్కడే నా చదువు అక్కరకొచ్చింది. మాఘమాసంలో సాయంత్రం గాలి పడమట నుంచి వీస్తే ఆ రోజు మంచూ పడదు, చినుకూ పడదు, కాయను అలాగే వదిలేయొచ్చు అనే అర్థం వచ్చేలా రెండు ముక్కల సామెత ఒకటి అల్లాను. ప్రాస కుదరడానికి రెండు రోజులు పట్టింది. మూడేళ్ళ డిగ్రీలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

"విల్లు తాత అన్నాడు నాన్నా," అన్నాను.

మా నాన్న చుట్ట నోట్లోంచి తీసి, సామెతను ఒకసారి తనలో తను అనుకున్నాడు. "ఆయనన్నాడా? అయితే సరే, ఇవాళ్టికి వదిలెయ్."

ఆ రోజు మంచు పడలేదు. మర్నాడూ పడలేదు. మూడోనాడు మా నాన్నే పక్క కల్లం వాళ్ళకి విల్లు తాత పేరు మీద సామెత చెప్పాడు. వారం తిరిగేసరికి నేనెరగనివాళ్ళు కూడా నాకే చెప్పసాగారు. టీ కొట్టు దగ్గర ఒకాయన "ఇది మా ముత్తాత కూడా అనేవాడు," అన్నాడు. ఆయన ముత్తాతను తలుచుకుని నేను చాలా గర్వపడ్డాను.

మా కల్లం పక్కనే ఒక పిన్ని కల్లం ఉండేది. రక్తసంబంధం కాదు, వరస. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఆ ఏడు కాయ బాగా వచ్చింది. అందరికంటే ఆలస్యంగా కోయడంతో, మిగతావాళ్ళు చాలామంది కాయ బస్తాల్లోకి ఎత్తేసినా ఆమె పంట మొత్తం ఇంకా నేలమీదే ఉంది. కొడుకుని హాస్టల్లో ఉంచి చదివించడమా, మానిపించి పొలానికి తేవడమా అన్నది ఆ ఎర్రటి పరుపు మీదే ఆధారపడి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం గాలి పడమట నుంచే వీస్తోంది. కానీ ఒంగోలు వైపు ఆకాశం నల్లబడినట్టు అనిపించింది. వాలీబాల్‌కి బయల్దేరినవాణ్ణి ఆగిపోయాను. ఊరంతా నమ్మిన సామెతను ఆ ఊళ్ళో నమ్మనివాడు ఒక్కడే, అది ఎక్కడ పుట్టిందో తెలిసినవాడు. వెనక్కి తిరిగి మా కాయ కుప్పచేసి, తుమ్ముకుంటూ పట్టా కప్పాను.

పిన్ని చూసింది. "ఏరా, కప్పుతున్నావేంటి? గాలి పడమట్నించే కదా?"

"నాన్న ఊరుకోడు పిన్నీ," అని అబద్ధం చెప్పాను.

"మీ నాన్నదంతా చాదస్తం," అని నవ్వి, చెంగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నువ్వు కూడా కప్పు పిన్నీ అని నేను అనలేదు. అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఊరుకున్నాను. అన్నాలు తింటుండగా వాన మొదలైంది. కల్లాల దాకా పరిగెత్తేలోపే పని అయిపోయింది.

మర్నాడు ఊళ్ళోవాళ్ళు ఆమె కల్లం చుట్టూ చేరారు. కాయ సగానికి పైగా తెల్లబారి, ధర పలకని తాలైపోయేదే. మా నాన్న మాత్రం మా పొడి కుప్ప పక్కన నిలబడి, "మావాడికి వాన వాసన తెలుస్తుందండీ," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ మాట తర్వాత చాలా దూరం వెళ్ళింది. నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాడు.

పిన్ని నేరుగా బస్టాపు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. "నీ మాట నమ్మి కాయ కప్పలేదు తాతా. ఎందుకన్నావా మాట?"

"ఏ మాటమ్మా?"

ఆమె సామెత చెప్పింది. విల్లు తాత విల్లు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, దాన్ని రెండుసార్లు మెల్లగా అనుకున్నాడు. నాది కాదని ఆయన అనేస్తాడని, అందరూ నా వైపు తిరుగుతారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన కళ్ళు తెరిచి, "ఎప్పుడన్నానో గుర్తు రావట్లేదమ్మా. రోజుకి ఎన్నంటానో. అనే ఉంటాలే," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి పంచ మూసేసి రోజూ పొద్దునే పిన్ని కల్లానికి వచ్చేవాడు. ఒక మూల గొంతుక్కూర్చుని తాలు కాయ వేరుగా, మంచి కాయ వేరుగా ఏరేవాడు. కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతుంటే భుజంతో తుడుచుకునేవాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. (దానికీ నాకు మంచి పేరే వచ్చింది. చదువుకున్న కుర్రాడు, ఎంత సాయం చేస్తున్నాడో చూడండి అన్నారు.) నాలుగోరోజో ఐదోరోజో ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"అబ్బాయ్, చదువుకున్నోడివి, నీకు జ్ఞాపకం ఎక్కువ. అది నేనెప్పుడన్నానో నీకేమన్నా తెలుసా?"

"తెలీదు తాతా," అన్నాను.

"ముసలితనం," అని ఇంకో కాయ అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ పంచ తెరిచాడు. విల్లు మోగేది, అంతే. ఎవరైనా వాన గురించి కదిపితే "నాకేం తెలుసు నాయనా, రేడియో పెట్టుకోండి," అనేవాడు. బస్సు కోసం వచ్చినవాళ్ళు బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఆరేళ్ళకి ఆయన పోయాడు. పిన్ని కొడుకు కాయ తడిసిన ఏడే చదువు మానేసి పొలంలోకి వచ్చాడు. నాకు ఉద్యోగం వచ్చి ఒంగోలు చేరాను.

నిరుడు మా అమ్మాయికి స్కూల్లో ఒక వ్యాసం ఇచ్చారు. సామెతలు నేటి జీవితానికి పనికివస్తాయా అని. అది తాతయ్యను అడిగింది. మాతోనే ఉంటున్న మా నాన్న ఉత్సాహంగా లేచి కూర్చుని విల్లు తాత కథంతా చెప్పాడు. అక్షరదోషాలు చూడమని అమ్మాయి కాగితం నా చేతికిచ్చింది. "ఊరి ప్రజలు ఒక వృద్ధుడు చెప్పిన సామెతను గుడ్డిగా నమ్మి నష్టపోయారు. మా నాన్న ఒక్కరే శాస్త్రీయంగా ఆలోచించారు," అని ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు.

కాగితం కింద పెట్టి, ఇద్దరికీ జరిగింది చెప్పాను. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మా నాన్న చుట్ట పక్కన పెట్టాడు. పాతికేళ్ళుగా ఆయన చుట్టాలకు చెప్పుకున్న వాన వాసన ఒక్క నిమిషంలో పోయింది. "మీ పిన్నికి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"ఏడిశావ్. పో."

అమ్మాయిని వెంటబెట్టుకుని మర్నాడే వెళ్ళాను. పిన్ని ఇంటి ముందు కాయ ఆరబోసి ఉంది. ఆమె కుక్కిమంచం మీద కూర్చుని మొత్తం విన్నది. తిడుతుందని సిద్ధపడ్డాను. కొడుకు చదువు గురించి అడుగుతుందేమోనని అంతకంటే భయపడ్డాను. ఆమె ఆ రెండూ చేయలేదు.

"పదకొండు రోజులు వచ్చాడురా ఆయన," అంది. "ఒక్కరోజు కూడా నేను పలకరించలేదు. నీళ్ళు తాగుతావా తాతా అని అడగలేదు. ఎండలో కూర్చుంటే ఇటు రమ్మనలేదు. చేసినోడు వచ్చి ఏరుతున్నాడులే అనుకున్నా. అప్పుడే చెప్పుంటే నాచేత తిట్టించుకునేవాడివి నువ్వే కదరా. నేనాయనతో మాట్లాడేదాన్ని."

పంట సంగతికి, చదువు సంగతికి నేను లోపల ఏవేవో జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళాను. విల్లు తాత సంగతి అడుగుతుందని అనుకోలేదు. సామెతలు ఈ కాలానికి నిలుస్తాయా లేదా నాకు తెలియదు. తప్పిన మాటను నాదేనేమో అని మీద వేసుకునే మనిషి మాత్రం ఆ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. ఆయన నోరు నేను మూయించాను.

లేవబోతుంటే పిన్ని అరుగు మీద మడతపెట్టిన పట్టా చూపించింది. "ఎలాగూ వచ్చావుగా. కాయ కుప్పచేసి కప్పి పో."

గాలి పడమట నుంచి వీస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా అమ్మాయి పైకి చూసి, నా మొహం చూసి, పట్టా మడత విప్పసాగింది. మూడో పారకే తుమ్ములు మొదలయ్యాయి. ఆ పక్క కొస అమ్మాయి పట్టుకుంటే ఈ పక్క నేను లాగాను. పిన్ని మంచం మీంచే చెయ్యి చూపిస్తూ నాలుగు మూలలా రాళ్ళు పెట్టించింది. ఒక రాయి నచ్చక మార్పించింది కూడా. స్కూలు మైదానం వైపు నుంచి బంతి చప్పుడు, కుర్రాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. ఇరవై రెండేళ్ళప్పుడు పెట్టాల్సిన రాళ్ళను బట్టతల వచ్చాక పెడుతున్న పెద్దమనిషిని తలుచుకుంటే నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాను. ఘాటుకేలే అనుకుని అమ్మాయి తన కర్చీఫ్ ఇచ్చింది.